క్రిస్మస్ ఐలాండ్‌కి వెళ్లే ముందు

ఒరే నాన్నా,

నవంబరులో నాలుగు రోజులు సెలవు పెట్టి క్రిస్మస్ ఐలాండ్ వెళ్లి, ఎర్ర పీతల వలస చూసి, డైవింగ్ కూడా కానిచ్చి వచ్చేస్తానన్నావు. నేను చూసొచ్చిన చోటే కాబట్టి చెబుతున్నాను, ఆ లెక్క కుదరదు. ఫోన్లో చెబితే "సరేలే అమ్మా" అని పెట్టేస్తావు, అందుకే రాస్తున్నాను.

పేరుకి ఆస్ట్రేలియాదే గానీ, ఆ దీవి ఉన్నది జావాకి దక్షిణాన 350 కిలోమీటర్ల దూరంలో. పెర్త్ నుంచి అయితే దాదాపు 2,600 కిలోమీటర్లు. మొత్తం కలిపి 135 చదరపు కిలోమీటర్లే. అందులో సగానికి పైగా నేషనల్ పార్కు. 1643లో సరిగ్గా క్రిస్మస్ రోజున ఓ ఇంగ్లీషు కెప్టెన్ ఆ పక్కగా వెళ్తూ పేరు పెట్టేసి, దిగకుండానే పోయాడు. నీలాగే తీరిక లేని మనిషి కాబోలు.

అక్కడ కార్యక్రమం మొత్తం పీతలది. తొలి వానలు పడగానే అడవిలోంచి కోట్లాదిగా సముద్రం వైపు బయల్దేరతాయి. అది అక్టోబరు కావచ్చు, డిసెంబరు కావచ్చు. ముందు మగవి దిగి, సముద్రంలో ఒళ్లు తడుపుకుని, ఒడ్డుకి దగ్గర్లో బొరియలు తవ్వుకుంటాయి. ఆ బొరియల కోసం కొట్లాటలు కూడా. జత కట్టాక మగవి వెనక్కి అడవి దారి పడతాయి. ఆడవి మాత్రం దాదాపు రెండు వారాలు అక్కడే తేమలో గుడ్లు మోసుకుంటూ కూర్చుంటాయి.

గుడ్లు వదిలే ముహూర్తం మాత్రం ఎప్పుడూ ఒకటే. మన లెక్కలో చెప్పాలంటే బహుళ అష్టమి అటూ ఇటూ, తెల్లవారకముందు, పోటు తీసే వేళ. ఆ రోజుల్లో ఆటుపోట్ల తేడా అన్నిటికన్నా తక్కువ. ఇవి నేల మీద బతికే పీతలు, ఈత రాదు, అల లాక్కుపోతే అంతే. వాన ముందే పడితే దారిలో ఆకులు తింటూ తాపీగా నడుస్తాయి. ఆలస్యమైతే పరుగే పరుగు. మరీ ఆలస్యమైతే వచ్చే నెల అష్టమికి వాయిదా. పార్కు వాళ్లు ఏటా అంచనా తేదీలు చెబుతారు గానీ, వాన పడందే ఏదీ ఖాయం కాదు. కాబట్టి కనీసం రెండు వారాలు పెట్టుకో. లేదంటే పీతల ఆశ వదులుకుని ఒక్క డైవింగ్‌కే వెళ్లు.

నేను ఒడ్డున రాళ్ల మీద టార్చి కిందికి దించి పట్టుకుని కూర్చున్నాను. నా పాదాలకి జానెడు దూరంలో ఒక ఆడ పీత నీటి అంచుకి వచ్చింది. రెండు డెక్కలూ పైకెత్తి ఒళ్లంతా జలజలా విదిలించింది. పొట్ట కింద ముద్దలా ఉన్న గుడ్లు రాలి నీళ్లలో కలిసిపోయాయి. ఒక్కో పీత లక్ష గుడ్ల దాకా వదులుతుందట. నీళ్లు తగలగానే పిల్లలు బయటికొస్తాయి. చాలా ఏళ్లలో వాటిలో దాదాపు ఏవీ తిరిగి రావు, చేపలకీ వేల్ షార్కులకీ ఆహారమైపోతాయి. ఎప్పుడో ఒక ఏడు మాత్రం నెల తర్వాత ఒడ్డంతా చిట్టి పీతలతో ఎర్రబడుతుంది.

నీ డైవింగ్ సంగతికొస్తాను. ఆ దీవి సముద్రం అడుగు నుంచి లేచిన పాత అగ్నిపర్వతం కొన. అందుకే పగడాల మెట్ట ఒడ్డు నుంచి కొంచెం దూరమే ఉంటుంది, తర్వాత నిలువు గోడ. నేను స్నార్కెల్ పెట్టుకుని ఫ్లయింగ్ ఫిష్ కోవ్ అనే చిన్న ఖాతంలో తేలుతూ ఆ అంచు దాకా వెళ్లాను. అప్పటిదాకా కింద ఇసుక, పగడాలు కనిపిస్తున్నాయి, ఉన్నట్టుండి అంతా ముదురు నీలం. గుండె జారిపోయిందనుకో. హిందూ మహాసముద్రం చేపలూ పసిఫిక్ చేపలూ అక్కడ కలుస్తాయి, వాటికి పుట్టిన సంకరజాతి చేపలు కూడా కనిపిస్తాయి. నువ్వు ఫోటోలు తీస్తూ మైమరిచిపోయే రకం కాబట్టి నా టెన్షన్ అదే. అడుగు కనిపించని చోట ఎంత లోతుకి దిగావో ఒంటికి తెలియదు. లోతు చూపించే డైవ్ కంప్యూటర్ చూసుకుంటూ ఉండు. పైకి వచ్చేటప్పుడు ఐదు మీటర్ల లోతు దగ్గర మూడు నిమిషాలు ఆగు. వానాకాలం ముదిరితే వాయవ్యం నుంచి పెద్ద అలలు లేస్తాయి. పడవ దింపడం కుదరదంటే వాదించకు.

చివరి రోజు డైవింగ్ పెట్టుకోవద్దు. విమానం ఎక్కడానికి ముందు పద్దెనిమిది గంటలైనా గడవాలని నీకు నేను చెప్పక్కర్లేదు. ఆ రోజు పక్షులకి ఇవ్వు. అబ్బాట్స్ బూబీ అనే సముద్రపక్షి ఇప్పుడు ప్రపంచం మొత్తంలో ఈ ఒక్క దీవిలోనే గూడు కడుతుంది, అదీ ఎత్తైన చెట్ల మీద. పొరపాటున అడవి నేల మీద పడిందంటే మళ్లీ లేవలేదు, దానికి ఎత్తూ గాలీ కావాలి. ఫాస్ఫేట్ గనుల కోసం అలాంటి చెట్లే బోలెడు కొట్టేశారు.

అన్నీ మిగల్లేదురా. అక్కడి చిన్న గబ్బిలం పిపిస్ట్రెల్ జాడ చివరిసారి దొరికింది 2009 ఆగస్టులో. ఎల్లో క్రేజీ చీమలు బయటి నుంచి చేరి, పీతల కళ్లలో ఆమ్లం చిమ్మి కోట్లలో చంపాయి. ఆ చీమలకి తీపి ద్రవం ఇచ్చే పొలుసు పురుగుల్ని అణచడానికి 2016లో మలేసియా నుంచి బుల్లి కందిరీగల్ని తెచ్చి వదిలారు. చీమలకి తిండి ఆపేస్తే అవే తగ్గుతాయని ఆ ఎత్తు. నాకు బాగా నచ్చింది, పురుగుమందు చల్లి ఊరుకోవడం కన్నా నయం.

కారు అద్దెకి తీసుకుంటావు కదా, పీతల సీజన్లో కొన్ని రోడ్లు మూసేస్తారు. మిగతా చోట్ల దిగి, ఆకులు ఊడ్చే రేక్‌తో వాటిని పక్కకి జరిపి, నడిచేంత నెమ్మదిగా పోవాలి. విసుక్కోకు. ఇంకోటి, రాబర్ క్రాబ్ అని కొబ్బరికాయ వలిచేంత బలమైన పెద్ద పీత ఉంటుంది. దొరికింది దొరికినట్టు ఈడ్చుకుపోతుంది, పేరు ఊరికే రాలేదు. తడి బూట్లు రాత్రిపూట వరండాలో ఆరేయకు.

అమ్మ