విశాఖలో ఆహ్వాన స్నూకర్ టోర్నీ జరపాలి

సంపాదకులకు నమస్కారం.

లండన్‌లోని అలెగ్జాండ్రా ప్యాలెస్‌లో 2025 జనవరి 19న ముగిసిన మాస్టర్స్ స్నూకర్ ఫైనల్లో షాన్ మర్ఫీ 10-7తో కైరెన్ విల్సన్‌ను ఓడించాడు. 2015 తర్వాత మర్ఫీకి ఇది రెండో మాస్టర్స్ టైటిల్. సెమీఫైనల్లో మార్క్ అలెన్ మీద 147, అంటే ఒకే విడతలో బంతులన్నీ వేసి సాధించే గరిష్ఠ స్కోరు, కూడా కొట్టాడు. 1975లో మొదలైన ఈ టోర్నీలో అప్పటికి ఇది ఆరో 147 మాత్రమే. పదిహేను ఎర్రబంతులు, ప్రతిదాని తర్వాత నల్లబంతి, చివర ఆరు రంగులూ ఒక్క పొరపాటు లేకుండా పడితేనే ఆ అంకె వస్తుంది. ఇంత గొప్ప ఆటకు మన క్రీడల పేజీల్లో ఒక మూల చిన్న వార్త తప్ప చోటు దొరకకపోవడం బాధగా ఉంది. అయితే నా అసలు విన్నపం ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికి, మీ పత్రిక ద్వారా.

ఈ ఫైనల్లో ఓడిన కైరెన్ విల్సన్ 2024 ప్రపంచ ఛాంపియన్. ఆయన 2016లో హైదరాబాద్‌లో ఇండియన్ ఓపెన్ ఫైనల్ ఆడి, ఆంథోనీ మెక్‌గిల్ చేతిలో 5-2తో ఓడిపోయాడు. మరుసటి ఏడాది అదే టోర్నీ మన విశాఖకు వచ్చింది. నాలుగుసార్లు ప్రపంచ ఛాంపియన్ అయిన జాన్ హిగ్గిన్స్ ఇక్కడ మెక్‌గిల్‌ను 5-1తో ఓడించి కప్పు తీసుకెళ్లాడు. ఆ తర్వాత 2019లో కొచ్చిలో ఒకసారి జరిగింది. అంతే, ఇండియన్ ఓపెన్ ఆగిపోయింది. 1875లో జబల్‌పూర్‌లోని సైనికాధికారుల మెస్‌లో పుట్టిందని చెప్పుకునే ఆటకు ఈ దేశంలో ఇప్పుడు ఒక్క పెద్ద ప్రొఫెషనల్ టోర్నీ కూడా లేదు.

మళ్లీ అంత పెద్ద ర్యాంకింగ్ టోర్నీ (ప్రపంచ ర్యాంకులకు పాయింట్లు లెక్కించే పోటీ) తెప్పించమని నేను అడగడం లేదు. దానికి పదుల సంఖ్యలో ఆటగాళ్లు, చాలా టేబుళ్లు, భారీ ఖర్చు కావాలి. మాస్టర్స్ ఎలా నడుస్తుందో చూడండి. ప్రపంచంలో మొదటి 16 మందిని పిలుస్తారు. ఒకే టేబుల్, ఎనిమిది రోజులు, మొత్తం 15 మ్యాచ్‌లు. ర్యాంకింగ్ పాయింట్లు ఉండవు. పాయింట్లు లేవు కాబట్టి ఎవరిని పిలవాలన్నది నిర్వాహకుల ఇష్టం. మనకు పనికొచ్చేది సరిగ్గా ఇదే. ఎనిమిది మంది విదేశీ ప్రొఫెషనల్స్‌ను, ఎనిమిది మంది భారతీయులను పిలిచి విశాఖలో నాలుగైదు రోజుల టోర్నీ పెట్టవచ్చు. భారతీయుల ఎనిమిదిలో రెండు చోట్లు తెలుగు రాష్ట్రాల్లో జరిపే క్వాలిఫయింగ్ పోటీల విజేతలకు ఇవ్వాలి.

అలా పిలిస్తే మనవాళ్లు మొదటి రౌండ్లోనే చిత్తుగా ఓడిపోతారు కదా అని కొందరంటారు. ఓడిపోవచ్చు. కానీ 2004 మాస్టర్స్‌లో చైనా కుర్రాడు డింగ్ జున్‌హుయికి పదహారేళ్ల వయసులో వైల్డ్ కార్డు (ర్యాంకుతో పనిలేని ప్రత్యేక ఆహ్వానం) ఇచ్చారు. మొదటి మ్యాచ్‌లోనే అతను జో పెర్రీని ఓడించాడు. మరుసటి ఏడాది బీజింగ్‌లో స్టీఫెన్ హెండ్రీ మీద గెలిచి చైనా ఓపెన్ కొట్టాడు. 2011లో ఆ మాస్టర్స్ టైటిలే గెలిచాడు. ఇవాళ చైనా ఆటగాళ్లు ప్రపంచ సర్క్యూట్‌ నిండా కనిపిస్తున్నారు. మన దగ్గర ప్రతిభ లేదా? 2013లో ఢిల్లీలో ఆదిత్య మెహతా ఇండియన్ ఓపెన్ ఫైనల్ దాకా వెళ్లాడు. ఇష్‌ప్రీత్ సింగ్ చద్దా 2024 ఇంగ్లిష్ ఓపెన్లో సెమీస్ చేరాడు. బిలియర్డ్స్, స్నూకర్‌లలో ఎన్నోసార్లు ప్రపంచ ఛాంపియన్ అయిన పంకజ్ అద్వానీ గురించి చెప్పక్కర్లేదు. కొరతంతా పెద్దవాళ్లతో ఆడే అవకాశంలోనే ఉంది.

ఖర్చులో కూడా దాపరికం అక్కర్లేదు. 2025 మాస్టర్స్ విజేతకు దక్కింది 3,50,000 పౌండ్లు. అంత మనం ఇవ్వలేం, ఇవ్వక్కర్లేదు కూడా. 2017లో విశాఖలో హిగ్గిన్స్‌కు ఇచ్చింది 50,000 పౌండ్లే. స్పాన్సర్లు ముందుకొస్తే అది మోయలేని బరువు కాదు. ఒక్క విషయంలో మాత్రం పొదుపు చేయకూడదు. సముద్రపు తేమకు టేబుల్ మీది బట్ట చెమ్మగిల్లితే బంతి బరువుగా దొర్లుతుంది, ఆట పాడవుతుంది. అందుకే ప్రొఫెషనల్ టేబుళ్లకు ఆ బట్ట అడుగునుండే రాతి పలక కింద హీటర్లు పెడతారు. అలాంటి టేబుళ్లు రెండు కొని, టోర్నీ అయ్యాక వాటిని ప్రభుత్వ స్టేడియంలో పిల్లల శిక్షణకు ఉంచాలి.

స్నూకర్ పార్లర్‌కు వెళ్తున్నానని కొడుకు చెబితే ఇప్పటికీ చాలా ఇళ్లలో అమ్మానాన్నలకు టెన్షన్. చదువు మానేసి తిరుగుతున్నాడనే అనుకుంటారు. ఆ కుర్రాడి పక్క టేబుల్ దగ్గర కోచ్ ఉండి, అది ప్రభుత్వ స్టేడియం అయితే వాళ్లే దగ్గరుండి దింపి వెళ్తారు.

రాష్ట్ర క్రీడా ప్రాధికార సంస్థ, జాతీయ బిలియర్డ్స్ స్నూకర్ సమాఖ్యతో కూర్చుని వచ్చే శీతాకాలానికి తేదీలు ఖరారు చేయాలని కోరుతున్నాను. ప్రొఫెషనల్స్ క్యాలెండర్ ముందుగానే నిండిపోతుంది కాబట్టి ఆ మాటలు ఈ వేసవిలోపే మొదలవ్వాలి.

ఒక స్నూకర్ అభిమాని,
విశాఖపట్నం