శనివారం చెవి కుట్టించుకునే ముందు ఇది చదువు

చిన్నీ,

నువ్వు పంపిన రీలు చూశానే, మూడుసార్లు చూశా. చెవి రంధ్రానికి పైన లోపల మెలిక తిరిగిన కార్టిలేజ్, అదే మెత్తటి ఎముక, ఉంటుంది కదా, అక్కడ రింగు కుట్టించుకుంటే మైగ్రేన్ పోతుందని ఆ పిల్ల చెప్తోంది, నువ్వేమో కింద "అమ్మా శనివారం వెళ్తున్నా" అని పెట్టావు. ఫోన్ చేస్తే మధ్యలో మీటింగ్ అంటావు, అందుకే కూర్చుని టైపు చేస్తున్నా, తప్పులుంటే సర్దుకుని చదువు.

మొన్న వీడియో కాల్లో నా చెవికి ప్లాస్టర్ ముక్కలు చూసి నవ్వావు కదా, ముందు వాటి సంగతి చెప్తా. సంక్రాంతి వెళ్ళాక నా ఎడమ భుజం బిగుసుకుపోయింది, జడ వేసుకోడానికి చెయ్యి వెనక్కి పోదు. ఫ్రోజెన్ షోల్డర్ అన్నాడు ఎముకల డాక్టరు, షుగర్ ఉన్నవాళ్ళకి ఎక్కువగా వస్తుందట, ఫిజియోథెరపీ రాశాడు, చేస్తూనే ఉన్నా. పగలు పర్లేదు గానీ రాత్రి ఆ వైపు తిరిగితే ప్రాణం పోయినంత పనయ్యేది, నిద్ర లేదు. అప్పుడు ఎదురింటి పిన్నిగారు తనకి తెలిసిన ఆక్యుపంక్చర్, అంటే సూదుల వైద్యం చేసే ఆవిడ దగ్గరికి లాక్కెళ్ళారు. ముప్పై ఏళ్ళు గవర్నమెంటు హాస్పిటల్లో సిస్టర్‌గా చేసినదాన్ని, నేను నమ్మి వెళ్ళలేదు, నిద్ర లేక వెళ్ళా.

ఆవిడ మొద్దు మొన ఉన్న చిన్న కడ్డీతో చెవంతా మెల్లగా నొక్కుకుంటూ వచ్చింది. ఎక్కడా ఏమీ అనిపించలేదు. చెవి అంచుకి లోపల పల్లంలా ఉంటుంది చూడు, అక్కడ ఒకచోట పెట్టేసరికి అమ్మోయ్ అన్నా. ఇదే భుజం పాయింటు అంది. గోడమీద బొమ్మ ఉంది, చెవిలో తలకిందులుగా ముడుచుకున్న బిడ్డ, తమ్మె దగ్గర తల, పైన కాళ్ళు. నాకు నవ్వొచ్చింది, లేబర్ రూంలో తల కిందకొచ్చి ప్రసవానికి సిద్ధంగా ఉండే బిడ్డ ఎలా ఉంటుందో అచ్చం అలాగే గీశారు.

ఈ బొమ్మ చైనాదే అనుకున్నా ఇన్నాళ్ళూ. కాదట. 1950ల్లో ఫ్రాన్సులో లియోన్ ఊళ్ళో పాల్ నోజియే అనే డాక్టరు ఉండేవాడు. ఆయన దగ్గరికొచ్చే పేషెంట్లలో కొందరికి చెవిమీద కాల్చిన మచ్చలు కనిపించాయి, ఏంటవి అంటే నడుం నుంచి కాలికి లాగే సయాటికా నొప్పికి మార్సెయ్‌లో ఒకామె వాత పెట్టింది, తగ్గింది అన్నారు. దాన్ని పట్టుకుని ఆయన చెవిలో ఒళ్ళంతటికీ పాయింట్లు వెతికి బొమ్మ గీశాడు, 1957లో అచ్చయ్యాక చైనా వాళ్ళు తీసుకుని తమ సూదుల వైద్యంలో కలుపుకున్నారు. 1990లో డబ్ల్యూహెచ్‌వో అదే లియోన్‌లో మీటింగ్ పెట్టింది, పాయింట్ల పేర్లు తలోరకంగా లేకుండా చూద్దామని. వాత అనగానే నాకు మాత్రం వేరేవి గుర్తొచ్చాయి, మన పల్లెల్లో కామెర్లకీ కడుపు ఉబ్బరానికీ పసిపిల్లలకి వాతలు పెట్టి, చీము పట్టాక ఎత్తుకొచ్చేవాళ్ళు కదా హాస్పిటల్‌కి, ఎన్ని డ్రెస్సింగులు చేశానో. అందుకే ఎవరికో తగ్గింది అంటే నేను వెంటనే తలూపను.

అలాగని అంతా ఉత్తిదే అనీ అనను. గులిమి పోడానికి సిరింజితో చెవిలో నీళ్ళు కొట్టేటప్పుడు కొంతమంది పేషెంట్లు ఉన్నట్టుండి దగ్గుతారు, చెవికీ దగ్గుకీ ఏంటి సంబంధం అని కొత్త పిల్లలు అడిగేవాళ్ళు. వేగస్ నరం కొమ్మ ఒకటి చెవి లోపలికి వస్తుంది, అదీ సంగతి. ఆ నరమే కిందికి గొంతుకీ గుండెకీ పొట్టకీ వెళ్తుంది. కాబట్టి చెవిని ముట్టుకుంటే ఒంట్లో ఎక్కడో ఏదో కదలడం అసాధ్యమేం కాదు, కానీ ఫలానా చుక్క నొక్కితే ఫలానా భుజం బాగవుతుంది అనేది వేరే మాట, దానికి అంత గట్టి రుజువు లేదు. అమెరికాలో కొకైన్ అలవాటున్న 620 మందిని తీసుకుని, ఆ అలవాటు తగ్గుతుందేమోనని కొందరికి చెవిలో అసలు పాయింట్లలో సూదులు, కొందరికి వేరే చోట్ల ఉత్తుత్తిగా, కొందరికి ఊరికే విశ్రాంతి వీడియోలు పెట్టి చూశారు, 2002లో ఫలితం వస్తే మూడింటికీ తేడా లేదు. ఆపరేషన్‌కి ముందు భయం తగ్గడానికి, కొన్ని నొప్పులకి కాస్త పనిచేస్తుందని చిన్న చిన్న స్టడీలు ఉన్నాయి. అంతే.

నాకు సూదులు వద్దన్నా, షుగర్ కదా. ఆవగింజకన్నా కాస్త పెద్దగా నల్లటి గింజలు ప్లాస్టర్ మీద అంటించి వస్తాయి, వాటినే పెట్టింది. రోజుకి మూడు నాలుగుసార్లు వేలితో నొక్కుకోవాలి, మూడునాలుగు రోజులకి తీసేయాలి. నిద్ర పట్టిందా అంటే పట్టిందే. గింజల వల్లా, ఫిజియో వల్లా, అరగంట నా చెవి పట్టుకుని ఓపిగ్గా నా గోడు వినే మనిషి దొరికినందుకా, నాకు తెలీదు. భుజం నొప్పి దానంతటదే కూడా నెమ్మదిగా తగ్గుతుంది. మీ నాన్న గురకకి ఏమైనా పాయింట్ ఉందా అని అడిగా, ఆవిడ నవ్వి ఊరుకుంది.

ఇందులో నా తెలివితక్కువతనం కూడా చెప్తా. ఒకసారి బాగుంది కదా అని పదిరోజులు తియ్యలేదు, తలస్నానం చేసినా అలాగే ఉంచేశా, తీసేసరికి కింద చర్మం చితికి రసి కారుతోంది. ఊరందరికీ జాగ్రత్తలు చెప్పేదాన్ని! లక్కీగా పైపైన పోయింది. నీ రింగుకి అలా కాదు చిన్నీ. కార్టిలేజ్‌కి సొంతంగా రక్తం సరఫరా ఉండదు, ఒకసారి ఇన్ఫెక్షన్ లోపలికి వెళ్తే మందు సరిగ్గా అందదు, ఒక కుర్రాడి చెవి పైభాగం ముడతపడి పకోడీలా అయిపోవడం నేను వార్డులో చూశా. నీకు ఏడాది లోపు చెవులు కుట్టించింది తమ్మెకి, అది మెత్తటి కండ, అది వేరు. నా గింజ నచ్చకపోతే పీకి పారేస్తా. ఆ రింగుకి పెట్టిన రంధ్రం మానడానికి నెలలు పడుతుంది. మైగ్రేన్‌కి అది పనిచేస్తుందని నిలబడే రుజువు కూడా ఏమీ లేదు.

అసలు నాకు బెంగ చెవి గురించి కాదు. దసరాకి వచ్చినప్పుడు నీ హ్యాండ్‌బ్యాగులో ఛార్జర్ వెతుకుతుంటే ఖాళీ స్ట్రిప్పులు నాలుగు కనిపించాయి, ఆరోజు నేనేం అనలేదు. నెలలో పదిహేను రోజులు అలా నొప్పి మాత్రలు వేసుకుంటూ పోతే ఆ మాత్రలే తలనొప్పి తెస్తాయి, తెలుసా. ఈ ముక్క ఏ రీలులోనూ చెప్పరు. న్యూరాలజిస్టుకి చూపించుకో, మైగ్రేన్ రాకుండా రోజూ వేసుకునే మందులు వేరే ఉంటాయి. థైరాయిడ్ మాత్ర మాత్రం ఎవరు చెప్పినా ఆపకు, మందులన్నీ మానేసి మా దగ్గరికి రా అనే వాళ్ళ గుమ్మం కూడా తొక్కకు. డాక్టరు చూశాక చెవికి గింజలు కావాలంటే పెట్టుకో, నేనే అంటిస్తా, ఒక షీటు మిగిలింది. సూదులే కావాలంటే నీ కళ్ళముందు కొత్త ప్యాకెట్ చింపితేనే చెవి ఇవ్వు.

ఈలోపు ఒక పని చెయ్యి. తల నొప్పొచ్చిన తారీఖు, ఎన్ని గంటలు ఉంది, ఏ మాత్ర వేసుకున్నావు, ముందురోజు ఎప్పుడు పడుకున్నావు, ఇవి ఫోన్లో రాసుకో. డాక్టరు అడిగే మొదటి ప్రశ్న అదే, గుర్తులేదు అంటావు. పోయిన నెలవి గుర్తున్నంతవరకు ఈ రాత్రికే రాసి నాకు పంపు, మాత్రల లెక్క తగ్గించి రాయకు, స్ట్రిప్పులు నేను లెక్కపెట్టా.

అమ్మ