సాక్ష్యం ‘చెల్లలేదు’ అంటే ఏ అర్థంలో?

సంపాదకులకు,

‘సాక్ష్యం చెల్లదన్న కోర్టు’ అనే శీర్షిక తరచూ చూస్తున్నాం. ఎందుకు చెల్లదన్నారో వార్తంతా చదివినా తెలియదు. ఆ సంగతికి కేసుతో సంబంధం లేదన్నారా? సంబంధం ఉన్నా, తెచ్చిన పద్ధతి తప్పన్నారా? అన్నీ సరిగ్గానే ఉన్నా న్యాయమూర్తికి నమ్మకం కుదరలేదా? ఈ మూడూ వేర్వేరు. కోర్టుకు వెళ్లాల్సినవాళ్లు ఇలాంటి వార్తలు చూసే తమ కాగితాలు పారేసుకుంటున్నారు. కాబట్టి విలేకరులు వీటిని విడదీసి రాయాలి.

1872 నాటి సాక్ష్య చట్టం స్థానంలో 2024 జులై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమం అమల్లో ఉంది. వివాదంలో ఉన్న సంగతులకూ, వాటితో సంబంధం ఉన్నవని చట్టమే చెప్పిన సంగతులకూ తప్ప మరి దేనికీ సాక్ష్యం ఇవ్వరాదని 3వ సెక్షన్ అంటుంది. కారణం, సన్నాహం, ఘటనకు ముందూ వెనుకా నడత 6వ సెక్షన్ కిందికి వస్తాయి. ఆ సమయంలో ముద్దాయి వేరే ఊళ్లో ఉన్నాడన్న వాదన 9 కిందికి వస్తుంది. ‘వాడు మొదట్నుంచీ అలాంటివాడే’ అన్న మాట మాత్రం, ముద్దాయే తన మంచి నడత గురించి సాక్ష్యం తెచ్చుకుంటే తప్ప, 49 ప్రకారం పనికిరాదు.

సంబంధం ఉన్నదానికీ లేనిదానికీ మధ్య గీత ఎక్కడుందో పాకాల నారాయణస్వామి హత్య కేసులో స్పష్టంగా కనిపిస్తుంది. 1937 మార్చిలో పూరీలో రైలు బోగీలో దొరికిన ట్రంకుపెట్టెలో ముక్కలు చేసిన శవం ఉంది. చనిపోయింది పిఠాపురం దివాను దగ్గర బంట్రోతు. ‘బాకీ తీరుస్తాం రమ్మని నారాయణస్వామి భార్య ఉత్తరం రాసింది, బరంపురం వెళ్తున్నా’ అని ఇంట్లో భార్యకు చెప్పి బయల్దేరాడు. కోర్టులో ఆ బంట్రోతు భార్య చెప్పింది తాను చూసింది కాదు, అతని నోట విన్న మాటే. ఆ మాట అన్ననాటికి అతనికి చావు భయమూ లేదు. అయినా చావుకు దారితీసిన పరిస్థితుల్లో ఆ ప్రయాణం భాగమేనని 1939లో ప్రీవీ కౌన్సిల్ (అప్పట్లో మన కేసులకు లండన్‌లోని ఆఖరి అప్పీలు కోర్టు) ఆ మాటను స్వీకరించింది. చావు ఘటనతో నేరుగా ముడిపడని ఉత్త భయాలూ అనుమానాలూ అయితే స్వీకరించేవాళ్లం కాదనీ చెప్పింది. చనిపోయినవారు తమ చావు గురించి అన్న మాటలకు సంబంధించిన నేటి 26(ఎ) సెక్షన్‌కూ ఇదే కొలత.

ఇక తెచ్చే పద్ధతి సంగతి. ఫోన్ రికార్డింగుల దగ్గరే జనం ఎక్కువ దెబ్బతింటున్నారు. చాటుగా రికార్డు చేశారన్న ఒక్క కారణంతో సంభాషణను తోసిపుచ్చరని 1972లో మల్కానీ కేసులోనే సుప్రీంకోర్టు చెప్పింది. చిక్కంతా కాపీతోనే. పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఇస్తే ఆ కాపీ ఏ పరికరం నుంచి ఎలా వచ్చిందో చెప్పే 63(4) సెక్షన్ సర్టిఫికెట్ కావాలి. అందులో ఎ భాగాన్ని దాఖలు చేసేవారు, బి భాగాన్ని నిపుణుడు నింపాలి. రెండింటిలోనూ ఫైలు హ్యాష్ విలువ (ఫైలుకు వేలిముద్ర లాంటి, కంప్యూటర్ లెక్కగట్టే కోడ్) రాయాలి. ముందూ వెనుకా కత్తిరించినా, మరో ఫార్మాట్‌లోకి మార్చినా ఆ విలువ మారిపోతుంది. అందుకే మొదటి ఫైలును ముట్టుకోకుండా ఉంచాలి, ఆ ఫోన్ అమ్మేయకూడదు. అసలు ఫోన్‌నే యజమాని బోనెక్కి చూపిస్తే సర్టిఫికెట్ అక్కర్లేదని 63కు ముందు పాత చట్టంలో ఉన్న 65బి సెక్షన్ మీద 2020 నాటి అర్జున్ పండిత్‌రావు తీర్పు చెబుతోంది.

ఇంకొకటి. కాగితానికి ఎగ్జిబిట్ నంబరు (కోర్టు రికార్డులోకి తీసుకుంటూ వేసే గుర్తు) పడినంత మాత్రాన అది రుజువైనట్టు కాదు. అసలు పత్రానికి బదులు జిరాక్స్ పెడుతుంటే, ఆ నంబరు వేసే వేళే అభ్యంతరం చెప్పాలి. అప్పుడు ఊరుకుని అప్పీలులో అడిగితే వినరు. పోలీసు ముందు నేరం ఒప్పుకోవడంలా చట్టమే వద్దన్నదైతే, నంబరు పడ్డాక కూడా అభ్యంతరం చెప్పొచ్చు.

— ఒక న్యాయవాది