రూటర్‌కు స్టెప్ అప్ కేబుల్: వోల్టులు సరే, వాట్లో?

సంపాదకులకు,

కరెంటు పోయినా వైఫై ఆగకుండా రూటర్‌ను పవర్‌బ్యాంకుతో నడిపే స్టెప్ అప్ కేబుళ్లను ‘5 వోల్టులను 12 చేస్తుంది’ అని చెప్పి అమ్ముతున్నారు. ఆ మాట నిజమే. వోల్టులు పెరిగిన మేరకు పవర్‌బ్యాంకు మీద ఆంపియర్ల భారం పెరుగుతుందన్న సంగతి మాత్రం ప్యాకెట్ మీద ఉండదు. రూటర్ మాటిమాటికీ రీస్టార్ట్ అవుతుంటే తప్పు రూటర్‌దే అనుకుని కొత్తది కొంటున్నారు.

ఆ కేబుల్‌లో ఉండేది బూస్ట్ కన్వర్టర్, అంటే వోల్టేజీని పెంచే సర్క్యూట్. ఒక కాయిల్, స్విచ్‌గా పనిచేసే మాస్‌ఫెట్, కరెంటును ఒకే వైపు పోనిచ్చే డయోడ్, ఛార్జిని నిల్వ ఉంచే కెపాసిటర్ అందులో ముఖ్య భాగాలు. స్విచ్ ఆన్‌లో ఉన్నంతసేపూ కాయిల్‌లో కరెంటు పెరుగుతూ పోతుంది. ఆఫ్ చేయగానే ఆ కరెంటు ఆగడానికి ఒప్పుకోదు. మోటారు నీళ్లు జోరుగా వస్తుండగా వాల్వు టక్కున కట్టేస్తే పైపు దడదడలాడుతుంది చూడండి, అలాంటి తోపుడే ఇదీ. అలా పుట్టిన వోల్టేజీ ఇన్‌పుట్ వోల్టేజీతో కలిసి, డయోడ్ దాటి కెపాసిటర్‌ను నింపుతుంది. ఎంటీ3608 చిప్‌తో వచ్చే చిన్న బోర్డులో ఇది సెకనుకు సుమారు 12 లక్షల సార్లు జరుగుతుంది. 5 నుంచి 12 రావాలంటే ప్రతి విడతలో దాదాపు 58 శాతం సమయం స్విచ్ ఆన్‌లో ఉండాలి.

ఇక లెక్క. రూటర్‌కు 12 వోల్టులు, 1 ఆంపియర్ కావాలంటే 12 వాట్లు. కన్వర్టర్ సామర్థ్యం 85 శాతం అనుకుంటే పవర్‌బ్యాంకు 14 వాట్లు, అంటే 5 వోల్టుల దగ్గర 2.8 ఆంపియర్లు ఇవ్వాలి. 2 ఆంపియర్ల పోర్టు అంత ఇవ్వలేక కుంగుతుంది. అది కుంగేకొద్దీ కన్వర్టర్ అవే వాట్ల కోసం ఇంకా ఎక్కువ కరెంటు లాగుతుంది, చివరికి పోర్టు ఆగిపోతుంది. వైరు సన్నదైతే ఈ గొడవ ఇంకా ముందే మొదలవుతుంది.

బోర్డు కొని సొంతంగా కట్టుకునే విద్యార్థులు ముందు అవుట్‌పుట్‌కు మల్టీమీటర్ మాత్రమే పెట్టాలి. ప్రీసెట్ (అవుట్‌పుట్ వోల్టేజీని మార్చే చిన్న స్క్రూ) ఎక్కడ తిప్పి ఉందో తెలియదు, 28 వోల్టుల దాకా రావచ్చు. అది నేరుగా రూటర్‌కు తగిలితే అంతే. ప్రీసెట్‌ను ఎడమవైపు తిప్పుతుంటే మొదటి కొన్ని చుట్లకు రీడింగ్ కదలకపోవచ్చు, బోర్డు పాడైందని పారేయకండి. 12 వచ్చాక పిన్నులో ప్లస్ మధ్యలో ఉందో బయట ఉందో చూసి, అప్పుడు కలపండి.

ఒక ప్రమాదం గట్టిగా చెప్పాలి. ఇన్‌పుట్ నుంచి అవుట్‌పుట్‌కు కాయిల్, డయోడ్ మీదుగా నేరుగా దారి ఉంటుంది. చిప్ ఆగిపోయినా ఆ దారి మూసుకోదు. పవర్‌బ్యాంకు బదులు విడి లిథియం సెల్ పెట్టినప్పుడు అవుట్‌పుట్ షార్ట్ అయితే కాయిల్, డయోడ్ కాలుతాయి, సెల్ మండే ప్రమాదమూ ఉంది. సెల్ ప్లస్ దగ్గర ఫ్యూజు, సెల్‌కు ప్రొటెక్షన్ బోర్డు లేకుండా ఈ పని చేయకూడదు.

10,000 ఎంఏహెచ్ అన్న అంకె కూడా 3.7 వోల్టుల సెల్ లెక్క, అంటే 37 వాట్ అవర్లు. సెల్ నుంచి 5కు ఒకసారి, 5 నుంచి 12కు మరోసారి మారేసరికి మిగిలేది 27 లోపే. 6 వాట్ల రూటర్ దాంతో దాదాపు నాలుగున్నర గంటలు నడుస్తుంది. కేబుల్ ఎన్ని వాట్లు మోయగలదో, అందుకు 5 వోల్టుల దగ్గర ఎన్ని ఆంపియర్లు కావాలో ప్యాకెట్ మీద అచ్చు వేయాలని తయారీదారులను కోరుతున్నాం.

— ఎలక్ట్రానిక్స్ అధ్యాపకులు, ఖమ్మం