బస్సు దిగాకే అసలు ప్రమాదం

సంపాదకులకు నమస్కారం.

స్కూల్ బస్సు భద్రత అంటే అందరూ స్పీడ్ గురించే మాట్లాడతారు, అదీ ముఖ్యమే, కానీ పిల్లలకు పెద్ద ముప్పు ఎక్కేటప్పుడు, దిగేటప్పుడే. బస్సు చుట్టూ 3 మీటర్ల లోపు ఉన్న చిన్న పిల్లలు, ముఖ్యంగా బస్సుకు ఆనుకుని ముందు నుంచి దాటేవాళ్లు, ఎత్తైన సీట్లో ఉన్న డ్రైవర్‌కు కనిపించకపోవచ్చు. అందుకే ప్రతి స్టాప్‌లో ఆయా ముందు దిగి, చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించి, తను మళ్లీ ఎక్కాకే బస్సు కదలాలి. ఒక్క నిమిషం ఆలస్యమైతే ఏమవుతుంది?

ట్రిప్ అయ్యాక చివరి సీటు దాకా నడిచి చూడాలి. ఎవరైనా నిద్రపోయి ఉండిపోతే, ఎండలో తలుపులు మూసిన బండి నిమిషాల్లోనే వేడెక్కిపోతుంది, ఆ ఊహకే నాకు టెన్షన్. తల్లిదండ్రులం కూడా ఆయా రాని రోజు వెంటనే స్కూల్‌కు ఫోన్ చేసి గట్టిగా అడగాలి.

ఇట్లు,
ఒక తల్లి