చేతిరాత ప్రోగ్రాములను తప్పుపట్టిన సర్వీసు రిపోర్టుపైన, కొటేషన్‌లో చూపి తెరవని సౌకర్యాలపైన ఫిర్యాదు

జనరల్ మేనేజర్ గారికి,
అమ్మకాలు, సర్వీసు విభాగాలు.

పంపుతున్నవారు: యజమాని, మెషిన్ వర్క్‌షాప్, గాజులమండ్యం పారిశ్రామికవాడ, రేణిగుంట మండలం, తిరుపతి జిల్లా.

విషయం: మూడు యాక్సిస్‌ల వీఎంసీలో (అంకెల ఆదేశాలతో నడిచే సీఎన్‌సీ నిలువు మిల్లింగ్ యంత్రంలో) కస్టమ్ మాక్రో (అంకెలు మార్చి మళ్లీ మళ్లీ వాడుకునే ప్రోగ్రాము), పోలార్ కోఆర్డినేట్ (వ్యాసార్ధం, కోణంతో స్థానం చెప్పడం) సౌకర్యాలు తెరవకపోవడం, ట్యాప్‌లు (రంధ్రంలో మరలు కోసే పనిముట్లు) విరగడానికి క్యాడ్ (కంప్యూటర్ డిజైన్) సాఫ్ట్‌వేర్ లేకపోవడమే కారణమని సర్వీసు రిపోర్టులో రాయడం గురించి.

అయ్యా,

మీ సంస్థ మాకు సరఫరా చేసిన వీఎంసీ బెడ్డు గురించి గానీ, స్పిండిల్ గురించి గానీ, కొలతలు నిలబెట్టడం గురించి గానీ మాకు ఏ ఫిర్యాదూ లేదని ముందుగానే తెలియజేస్తున్నాను. మా ఫిర్యాదంతా కొటేషన్‌లో రాసి, ధరలో కలిపి, చివరికి కంట్రోలర్‌లో మూసి ఉంచిన రెండు సౌకర్యాల గురించి, వాటిని అడిగిన రోజునే మీ సర్వీసు ఇంజనీరు రాసి సంతకం పెట్టించుకున్న రిపోర్టు గురించి. ‘డిజైన్ సాఫ్ట్‌వేర్ లేకుండా ఆపరేటర్ చేత్తో రాసిన ప్రోగ్రాముల వల్ల ట్యాప్‌లు విరుగుతున్నాయి, యంత్రంలో లోపం లేదు’ అని ఆ రిపోర్టు చెబుతోంది. ఆ మాట సాంకేతికంగా నిలవదు. పైగా అది మీ రికార్డులో అలాగే ఉండిపోతే రేపు వారంటీ కింద ఏ మరమ్మతు అడిగినా దాన్నే చూపించి కాదనే అవకాశం ఉంది. అందుకే ఇంత వివరంగా రాయవలసి వస్తోంది.

మేము చేసే పని ఎలాంటిదో మీ అమ్మకాల ప్రతినిధికి యంత్రం కొనకముందే చూపించాము. చిత్తూరు, తిరుపతి జిల్లాల్లోని మామిడి గుజ్జు ఫ్యాక్టరీలకు పల్పర్ల (గుజ్జు తీసే యంత్రాల) మూతలు, స్టెయిన్‌లెస్ స్టీల్ ఫ్లాంజ్‌లు, బేరింగ్ హౌసింగ్‌లు, పంపుల అడుగు ప్లేట్లు చేసి ఇవ్వడమే మా ప్రధాన జీవనాధారం. తోతాపురి కాయ దిగే జూన్, జూలై నెలల్లో ఆ ఫ్యాక్టరీలు రాత్రింబగళ్లు నడుస్తాయి కనుక అంతకు ముందు నెలల్లోనే వాళ్ల ఓవర్‌హాలింగ్ పనులన్నీ మా వద్దకు వస్తాయి. వచ్చేది కంప్యూటర్ ఫైలు కాదు. ఒక్కోసారి కాగితం మీద గీసిన డ్రాయింగ్ వస్తుంది, ఎక్కువసార్లు అరిగిపోయిన పాత భాగమే వస్తుంది. దాన్ని వెర్నియర్‌తో, బోర్ గేజ్‌తో కొలిచి కొత్తది చేస్తాము. ఇదంతా చూసిన మీ ప్రతినిధి, ఇలాంటి పనికి సాఫ్ట్‌వేర్ అవసరం లేదని, ప్యానెల్ మీదే ప్రోగ్రాము రాసుకోవచ్చని, అందుకు తగిన సౌకర్యాలన్నీ కొటేషన్‌లో చేరుస్తున్నానని చెప్పి, క్యాన్డ్ సైకిల్స్ (డ్రిల్లింగ్ వంటి పనులకు సిద్ధంగా ఉండే ఆదేశాలు), కట్టర్ రేడియస్ కాంపెన్సేషన్, రిజిడ్ ట్యాపింగ్, కస్టమ్ మాక్రో, పోలార్ కోఆర్డినేట్ అని ఒక్కొక్కటిగా రాసి ఇచ్చారు. ఆ కాగితం నకలు ఈ లేఖకు జతచేశాను.

ఇప్పుడు మీ సర్వీసు విభాగం, క్యాడ్ లేకుండా సీఎన్‌సీ నడపడమే తప్పన్నట్టు మాట్లాడుతోంది కాబట్టి మా రోజువారీ పనిలోంచి ఒక ఉదాహరణ చెప్పడం అవసరం. 120 మి.మీ. పిచ్ సర్కిల్ (రంధ్రాల కేంద్రాలు వచ్చే వృత్తం) మీద ఆరు రంధ్రాలున్న పల్పర్ మూతను తీసుకోండి. డయల్ గేజ్‌తో కేంద్రం పట్టి, దాన్ని జాబ్ సున్నా స్థానాన్ని గుర్తుంచుకునే జీ 54 వర్క్ ఆఫ్‌సెట్‌లో సున్నాగా పెట్టుకున్నాక, వ్యాసార్ధం 60 కనుక మొదటి రంధ్రం ఎక్స్ 60, వై 0 దగ్గర వస్తుంది. అరవై డిగ్రీల దగ్గర వచ్చే రెండవది ఎక్స్ 30, వై 51.962. మిగిలిన నాలుగింటికీ ఇవే అంకెలు, ప్లస్ మైనస్ గుర్తులు మాత్రమే మారతాయి. సైన్, కాస్ మీటలున్న మామూలు కాలిక్యులేటర్ ఈ లెక్కకు చాలు. డ్రిల్లింగ్‌కు జీ 81, లోతు రంధ్రమైతే ముక్కముక్కగా కోసి చిప్స్ బయటికి తీసే జీ 83, ఒక్కో రంధ్రానికి ఒక్కో లైను, చివర్లో ఆ సైకిల్‌ను ఆపే జీ 80. ఐటీఐ మెషినిస్ట్ కోర్సు చదివి మా దగ్గర చేరిన కుర్రవాడు ఈ ప్రోగ్రామును నోటుపుస్తకంలో రాసుకుని, ప్యానెల్‌లో ఎక్కించి, సింగిల్ బ్లాక్‌లో ఒక్కో లైను చూసుకుంటూ గాలిలో నడిపి, ఆ తర్వాతే జాబ్ మీదికి టూల్ దించుతాడు. ఈ పద్ధతిలో ఎక్కడ ప్రమాదం ఉందో మీ ఇంజనీరు చూపలేకపోయారు.

బేరింగ్ హౌసింగుల సంగతి ఇంకా స్పష్టంగా ఉంటుంది. 6208 బేరింగ్ బయటి వ్యాసం 80 మి.మీ.; దానికి హెచ్7 ఫిట్ అడిగితే రంధ్రం 80.000 నుంచి 80.030 లోపల రావాలి. మేము డ్రాయింగ్‌లోని 80నే ప్రోగ్రాములో రాసి, కట్టర్ వ్యాసార్ధాన్ని ఆఫ్‌సెట్ పేజీలో ఇచ్చి, ఆ వ్యాసార్ధం మేరకు టూల్‌ను పక్కకు జరిపే జీ 41తో నడుపుతాము. కొలత తక్కువ వస్తే ఆఫ్‌సెట్‌లో 0.01 తగ్గిస్తాము, రంధ్రం 0.02 పెరుగుతుంది, ప్రోగ్రామును ముట్టుకోవలసిన పనే లేదు. కట్టర్ కేంద్రం నడిచే దారిని లెక్కగట్టి ఇచ్చే సాఫ్ట్‌వేర్ ప్రోగ్రామునే నమ్ముకుంటే, ఎండ్ మిల్ కట్టర్‌ను సాన పట్టి దాని వ్యాసం తగ్గిన ప్రతిసారీ కంప్యూటర్ దగ్గరికి పోయి ఆ దారిని మళ్లీ తీయవలసి ఉంటుంది. ఈ కాంపెన్సేషన్ మీ యంత్రంలో చక్కగా పనిచేస్తోందని కూడా న్యాయంగా ఇక్కడే రాస్తున్నాను.

పనిచేయనివి కస్టమ్ మాక్రో, పోలార్ కోఆర్డినేట్. జీ 16 ఇచ్చి వ్యాసార్ధం, కోణం రాస్తే రంధ్రాల స్థానాలను కంట్రోలరే లెక్కకట్టుకోవాలి, కానీ ఆ లైను దగ్గరికి రాగానే అలారం వచ్చి యంత్రం ఆగిపోతోంది. మాక్రో వేరియబుల్ ఉన్న లైనుకూ అదే గతి. మాకు ఈ రెండిటిలో మాక్రో అవసరమే ఎక్కువ. ఏ రెండు ఫ్యాక్టరీల ఫ్లాంజ్‌లూ ఒక్క కొలతలో ఉండవు, కొన్ని పాత పల్పర్లకైతే ఎవరు ఏ కొలత పెట్టి చేశారో ఆ దేవుడికే తెలియాలి. రంధ్రాల సంఖ్య, పిచ్ సర్కిల్ వ్యాసం, లోతు అనే మూడు విలువలను వేరియబుల్స్‌గా పెట్టి ఒక్క మాక్రో రాసుకుంటే, వచ్చిన ప్రతి ఫ్లాంజ్‌కూ ఆ మూడు అంకెలు మార్చి బటన్ నొక్కడమే మిగులుతుంది. డిజైన్ సాఫ్ట్‌వేర్ లేని వర్క్‌షాపుకు ఆ లోటు తీర్చేది ఈ సౌకర్యమే. అది కొటేషన్‌లో ఉన్నందువల్లనే, అంతకంటే తక్కువ ధరకు వచ్చిన మరో యంత్రాన్ని కాదని మీది తీసుకున్నాము.

అలారం గురించి ఫిర్యాదు చేస్తే, ఈ రెండు ఆప్షన్లూ కంట్రోలర్‌లో ఉన్నాయని, వాటిని తెరవడానికి విడిగా డబ్బు కట్టాలని, లేదంటే మీ సంస్థే అమ్మే, డిజైన్ నుంచి ప్రోగ్రాము తీసే క్యాడ్, క్యామ్ ప్యాకేజీ తీసుకుంటే ఇవి అసలు అవసరమే పడవని మీ కార్యాలయం నుంచి జవాబు వచ్చింది. అద్దె మొత్తం ముందే పుచ్చుకుని, ఒక గది తాళం మాత్రం మళ్లీ డబ్బిస్తేనే ఇస్తామన్నట్టుంది ఈ జవాబు.

ఇక ట్యాప్‌ల విషయం. ఎస్‌ఎస్ 304 (స్టెయిన్‌లెస్ స్టీల్) ఫ్లాంజ్‌లలో 8.5 మి.మీ. డ్రిల్ వేసి ఎమ్ 10 ట్యాపింగ్ (10 మి.మీ. మర కోయడం) చేస్తున్నాము. దాని పిచ్ (మరల మధ్య దూరం) 1.5 మి.మీ., స్పిండిల్ వేగం నిమిషానికి 200 చుట్లు, కాబట్టి ఫీడ్ నిమిషానికి 300 మి.మీ. ఉండాలి. మా ప్రోగ్రాములోని ట్యాపింగ్ ఆదేశమైన జీ 84 లైనులో సరిగ్గా అంతే ఉంది. ఇదే రంధ్రానికి ఇదే వేగంతో, నిమిషానికి ఫీడ్ లెక్కన ప్రపంచంలోని ఏ సాఫ్ట్‌వేర్ ప్రోగ్రాము తీసినా ఆ లైనులో 300 తప్ప మరో అంకె రాదు, ఎందుకంటే అది పిచ్‌ను చుట్లతో గుణిస్తే వచ్చే ఫలితం. అయినా ట్యాప్‌లు రంధ్రం అడుగున, స్పిండిల్ వెనక్కి తిరిగే చోటే విరుగుతూ వచ్చాయి. రిజిడ్ ట్యాపింగ్ ఉన్న యంత్రంలో స్పిండిల్ తిరుగుడూ జెడ్ యాక్సిస్ కదలికా ఒకదానికొకటి కట్టుబడి నడుస్తాయి కనుక గట్టి హోల్డర్ వాడవచ్చు. ఆ కట్టుబాటు లేకపోతే స్పిండిల్ నెమ్మదించి వెనక్కి తిరిగే క్షణంలో రెండింటికీ పొత్తు తప్పుతుంది, ఆ తేడాను సర్దుకునే ఫ్లోటింగ్ హోల్డర్ కూడా లేకపోతే ట్యాప్ విరగక మానదు. యంత్రం బిగించిన రోజున, రిజిడ్ ట్యాపింగ్ ఉంది కాబట్టి ఫ్లోటింగ్ హోల్డర్ అక్కర్లేదని చెప్పినది మీ ఇంజనీరే. ట్యాప్ ఎక్కడ విరుగుతోందో చూపించి, రిజిడ్ ట్యాపింగ్‌కు సంబంధించిన పారామీటరు (కంట్రోలర్ సెట్టింగు) ఒకసారి చూడమని మా ఆపరేటర్ ప్రాధేయపడినా, సర్వీసుకు వచ్చిన ఇంజనీరు ప్యానెల్ తెరవకుండానే, ప్రోగ్రాము చేత్తో రాసినదా అని అడిగి, అవునన్నాక పైన చెప్పిన వాక్యం రాసి వెళ్లారు.

తర్వాత మీ సాంకేతిక విభాగంలోని మరొకరు ఫోనులో ఓపికగా విని, జీ 84ను రిజిడ్ ట్యాపింగ్‌గా తీసుకోవడానికి ఉన్న పారామీటరు విలువ చదివి చెప్పమన్నారు. అది సున్నాగా ఉంది. ఆయన చెప్పిన ప్రకారం దాన్ని ఒకటిగా మార్చి, ప్రోగ్రాములో ఒక్క అక్షరమూ మార్చకుండా నడిపితే ఫ్లాంజ్‌లోని రంధ్రాలన్నిటికీ మరలు శుభ్రంగా పడ్డాయి, థ్రెడ్ గేజ్ సాఫీగా దిగింది. ఆ అధికారికి మా కృతజ్ఞతలు. అయితే ఆయన చేసిన సవరణ గురించి మీ వైపు నుంచి ఒక్క కాగితమూ రాలేదు, మొదటి రిపోర్టూ మారలేదు, ఆ రిపోర్టు రాసిన ఇంజనీరు రాకకు వేసిన సర్వీసు చార్జీ బిల్లు మాత్రం తప్పకుండా వచ్చింది.

క్యాడ్ లేని సీఎన్‌సీ ఎక్కడైనా ఉంటుందా అని మీ ఇంజనీరు మా కుర్రవాళ్ల ముందు అన్న మాటకు కూడా జవాబు ఇవ్వవలసి ఉంది. అమెరికాలోని ఎంఐటీలో అంకెల ఆదేశాలతో నడిచే మిల్లింగ్ యంత్రాన్ని 1952లో నడిపి చూపించారు. తెరమీద గీతలు గీసే స్కెచ్‌ప్యాడ్ అనే ప్రోగ్రాము అదే ఎంఐటీలో 1963లో వచ్చింది. ఆ మధ్య కాలమంతా రంధ్రాల టేపు మీద లెక్కలు ఎక్కించే యంత్రాలు నడిచాయి. నేడు మేము రాసే జీ, ఎమ్ కోడ్‌లు ఐఎస్‌ఓ 6983 ప్రమాణంలో ఉన్నవే తప్ప మా గాజులమండ్యంలో పుట్టినవి కావు.

సాఫ్ట్‌వేర్ మీద మాకు పంతం ఏమీ లేదు. ఇంపెల్లర్ రెక్కలు, మోల్డుల లోపలి వంపులు, చెక్కడపు పనులు చేత్తో రాయలేము. అలాంటివి వస్తే ప్రోగ్రాము బయట చేయించుకుంటున్నాము. అలా చేయించుకున్నప్పుడు లైన్లు లక్షల్లోకి పోతున్నాయి, మీరిచ్చిన యంత్రం మెమరీలో అవి పట్టకపోవడంతో కేబుల్ ద్వారా కొంచెం కొంచెంగా పంపుతూ నడపవలసి వస్తోంది. మా చేతిరాత ప్రోగ్రాము నోటుపుస్తకంలో ఒక పేజీ దాటదు. కాబట్టి ప్యాకేజీ కొనమని సలహా ఇచ్చేముందు, మీరే అమ్మిన యంత్రంలో అంత పెద్ద ఫైలు పడుతుందో లేదో మీ విభాగం ఆలోచించి ఉండవలసింది.

ఈ కారణాల వల్ల, కొటేషన్ ప్రకారం మాక్రో, పోలార్ సౌకర్యాలను అదనపు చార్జీ లేకుండా తెరవాలని, మొదటి సర్వీసు రిపోర్టును రద్దుచేసి పారామీటరు లోపాన్ని స్పష్టంగా పేర్కొంటూ మరో రిపోర్టు ఇవ్వాలని, ఆ రాకకు వేసిన చార్జీని వెనక్కి తీసుకుని విరిగిన ట్యాప్‌ల ఖరీదును, ట్యాప్ ముక్క లోపల ఇరుక్కుని పనికిరాకుండా పోయిన ఫ్లాంజ్‌ల ఖరీదును చెల్లించాలని కోరుతున్నాను. మెయింటెనెన్స్ మాన్యువల్‌తో పాటు రావలసిన ప్రోగ్రామింగ్ మాన్యువల్ మాకు అందలేదు, దాన్ని ముద్రిత ప్రతిగా పంపండి. ఫోనులోకి పంపిన నమూనా పేజీలు నూనె చేతులతో యంత్రం పక్కన చదివేందుకు పనికిరావు.

1930 నాటి సరుకుల విక్రయ చట్టం 15వ సెక్షన్ ప్రకారం వర్ణన చూసి కొన్న సరుకు ఆ వర్ణనకు సరిపోయి తీరాలి. మీ కొటేషనే ఇక్కడ ఆ వర్ణన. స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసమే వాడుకునే సరుకు కొన్నవారిని 2019 వినియోగదారుల రక్షణ చట్టం వినియోగదారులుగానే గుర్తిస్తుంది. నేను, నా కుమారుడు యంత్రం దగ్గర నిలబడి పనిచేసే వర్క్‌షాపు ఇది. ఈ లేఖ అందిన పదిహేను రోజుల్లో రాతపూర్వకమైన జవాబు రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు దాఖలు చేస్తాను.

మీ ఇంజనీరు వచ్చే ముందు రోజు ఫోను చేసి చెబితే యంత్రం మీద జాబ్ బిగించకుండా ఖాళీగా ఉంచుతాము. ఆప్షన్లు తెరిచేటప్పుడు పారామీటర్లు, ఆఫ్‌సెట్‌లు, మేము రాసుకున్న ప్రోగ్రాములు చెరిగిపోకుండా ముందుగా మెమరీ కార్డులోకి బ్యాకప్ తీయించండి, ఆ కార్డు మా దగ్గరే సిద్ధంగా ఉంటుంది.

ఇట్లు,
భవదీయుడు,
యజమాని,
మెషిన్ వర్క్‌షాప్, గాజులమండ్యం.

జతచేసినవి: కొటేషన్ నకలు, కొనుగోలు ఆర్డరు, సర్వీసు రిపోర్టు, సర్వీసు చార్జీ బిల్లు, అలారం తెర ఫొటోలు, ట్యాపింగ్ ప్రోగ్రాము నకలు.