రేసు కావాలి, మౌంట్ రోడ్డు మీద మాత్రం వద్దు

సంపాదకుల వారికి నమస్కారం.

2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో చెన్నైలో జరిగిన ఫార్ములా 4 కార్ల రేసు (ఫార్ములా 1కి ఎదగాలనుకునే కుర్రాళ్లకు తొలి మెట్టు) గురించి మీరు వేసిన వార్తలు చదివాను. మన దేశంలో రాత్రిపూట నగర వీధుల్లో ఇలాంటి పందెం జరగడం ఇదే మొదటిసారి. 2005లో నరేన్ కార్తికేయన్, 2010లో మన చెన్నై కుర్రాడు కరుణ్ చందోక్ ఫార్ములా 1లోకి వెళ్లినప్పుడు సంబరపడిన వాళ్లలో నేనూ ఉన్నాను. అందుకే రేసు ఆపేయమని అడగను. నగరం మధ్యలో ఉన్న ఐలాండ్ గ్రౌండ్స్ మైదానం చుట్టూ మాత్రం ఇంకోసారి పెట్టకండి.

మేముండేది చింతాద్రిపేటలో. మూడున్నర కిలోమీటర్ల ట్రాక్‌లోకి మౌంట్ రోడ్డు, శివానంద రోడ్డు, నేపియర్ వంతెన వైపు దారులు కలిసిపోయాయి. ఓమందూరార్ ఆసుపత్రి ఆ పక్కనే ఉంది. శనివారం మధ్యాహ్నం మా పక్కింటి పెద్దాయనకు ఆయాసం ఎక్కువైంది. ఆటో రెండు చోట్ల బారికేడ్ల దాకా వెళ్లి వెనక్కి తిరిగింది. చివరికి కొడుకు ఆయన్ని ఆటోలోంచి దింపి, ఆయన చెయ్యి తన భుజం మీద వేసుకుని, పది అడుగులకోసారి ఆగుతూ నడిపించుకెళ్లాడు. అంబులెన్సుకు దారి వదిలామని అధికారులు అనవచ్చు. మా పేటలో జబ్బుపడిన వాళ్లు ఎక్కువగా ఎక్కేది ఆటోనే.

భద్రత సంగతీ చూడాలి. ఈ కార్లకు చక్రాలు బయటికే ఉంటాయి. చక్రానికి చక్రం తగిలితే కారు గాల్లోకి లేవగలదు. అసలైన ట్రాక్‌లో పక్కన ఖాళీ జాగా ఉంటుంది, వీధిలో ఉండేది కాంక్రీటు గోడ. కార్ల పందేలను ప్రపంచస్థాయిలో చూసే సంస్థ ఎఫ్ఐఏ అనుమతి ఆలస్యమై శనివారం టికెట్లు కొన్నవాళ్లు గంటల తరబడి ఎదురుచూశారు. ప్రాక్టీసు మధ్యలో ట్రాక్ మీదికి కుక్క వచ్చింది. పాపం, దానికి ఏం తెలుసు! అది రోజూ తిరిగే రోడ్డే కదా.

శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగట్టుకోట్టైలో 3.7 కిలోమీటర్ల ట్రాక్ ఎప్పటినుంచో ఉంది. ఈ పోటీల తొలి అంచె వారం ముందు అక్కడే జరిగింది. ఊరి బయటైతే జనం రారన్న మాట నేను నమ్మను. ఒకప్పుడు చెన్నై దగ్గర షోలవరంలో పాత విమానాల రన్‌వే మీద పందేలు జరిగితే ఊరు ఊరంతా అక్కడికే కదిలేది. కోయంబేడు నుంచి స్పెషల్ బస్సులు వేసి, టికెట్ ధర తగ్గిస్తే ఇప్పుడూ వస్తారు.

హైదరాబాదులో ఏం జరిగిందో మన తెలుగువాళ్లకు బాగా తెలుసు. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఇ అనే కరెంటు కార్ల రేసు ఘనంగా జరిపారు. ప్రభుత్వం మారింది, మరుసటి ఏడాది రేసు రద్దయింది. రేసులు నేర్చుకోవాలనుకునే పిల్లలకు దానివల్ల ఒక్క శాశ్వతమైన ట్రాక్ కూడా మిగల్లేదు.

మన చెన్నై రేసుకు ప్రభుత్వం పెట్టిన 42 కోట్ల ఖర్చు మీద హైకోర్టులో వాదనలు జరిగాయి. ఆ లెక్కలన్నీ ప్రజల ముందు పెట్టాలి. ఇకమీదట పెట్టే ప్రతి రూపాయీ ఇరుంగట్టుకోట్టైలో ప్రేక్షకులు కూర్చునే స్టాండ్లకు, సర్కారు బడి పిల్లలకు కార్టింగ్ (చిన్న కార్ల పందెం) నేర్పడానికి ఖర్చు చేయాలి. ఫార్ములా 4కి వచ్చే కుర్రాళ్లలో చాలామంది చిన్నప్పుడు కార్టింగ్‌తోనే మొదలుపెడతారు. మళ్లీ అనుమతులిచ్చే ముందే తమిళనాడు క్రీడాభివృద్ధి సంస్థ ఈ నిర్ణయం తీసుకోవాలని, అంతకన్నా ముందు మా పేటవాళ్లను కూర్చోబెట్టి మాట్లాడాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
చింతాద్రిపేట, చెన్నై